కోనసీమ ఇసుకకి ఏ డిటెక్టరు?

మెటల్ డిటెక్టరు కొనాలనుకుంటున్నానని అమలాపురంలో ఎవరితోనైనా అని చూడండి. మొదటి ప్రశ్న "ఎన్నడుగుల లోతు చూస్తాదండీ?" అని వస్తుంది. రెండోది గొంతు తగ్గించి అడుగుతారు: "లంకెబిందెలు గానీ...?" ఈ రెండు ప్రశ్నలే మనసులో పెట్టుకుని కొనడానికి వెళ్లినవాడు మోసపోవడం ఖాయం. అమ్మేవాడికి కావలసిన ప్రశ్నలు కూడా సరిగ్గా ఆ రెండే కనుక.

లోతు సంగతి ముందే తేల్చేసుకుందాం. డిటెక్టరు అడుగున గుండ్రటి కాయిల్ ఉంటుంది. అది నేలలోకి మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. అక్కడ లోహం ఉంటే దానిలో చిన్న విద్యుత్ సుడులు పుట్టి, అవి తిరిగి పంపే బలహీనమైన క్షేత్రాన్ని అదే కాయిల్లోని రెండో చుట్ట పట్టుకుంటుంది. దూరం పెరిగేకొద్దీ ఈ సంకేతం ఘోరంగా పడిపోతుంది. కాయిల్ సైజు దాటిన దూరాల్లో, నాణెం రెండింతల లోతుకి పోతే సంకేతం దాదాపు అరవై నాలుగో వంతుకి దిగిపోతుంది. అందుకే మంచి యంత్రం కూడా రూపాయి బిళ్లంత వస్తువుని 20, 25 సెంటీమీటర్ల లోతులో పట్టుకుంటే గొప్ప. పది అడుగులు, ముప్పై అడుగులు అని డబ్బా మీద రాసుకున్నవీ, ముందు రెండు ఏంటెన్నాలు పెట్టి "ఫలానా దిక్కున బంగారం" అని చూపించేవీ మీ డబ్బు కోసమే తయారయ్యాయి.

పైగా మనది డెల్టా. వరద వచ్చిన ప్రతిసారీ లంకల మీద ఒండ్రు పొర పరుచుకుంటుంది. 1986 ఆగస్టు వరదలాంటిది ఒక్కటి చాలు, నేల మట్టమే మారిపోవడానికి. తాతల కాలంలో లంకలో జారిపోయిన రాగి డబ్బు ఈపాటికి మన కాయిల్‌కి అందని లోతులో పడుకుని ఉంటుంది. నిధుల మాటకొస్తే, 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో సాక్షాత్తూ ప్రభుత్వమే దగ్గరుండి తవ్వించింది. ఇటుకలు, ఎముకలు వచ్చాయి. నిధి మాత్రం రాలేదు.

మరి ఈ యంత్రం ఎందుకు? స్నానాల్లో వేలి నుంచి జారిన ఉంగరం, తోటలో పోయిన చెవిదుద్దు, పంటబోదె గట్టున పడిన వెండి పట్టీ, ఇసుకలో మిగిలిన చిల్లర... వీటికి. మన పక్కనే ఉప్పాడలో తుపాను వెళ్లిన మర్నాడు జనం తీరానికి వచ్చి బంగారు ముక్కల కోసం ఇసుక జల్లించడం ఏళ్లుగా ఉన్నదే. 2020 నవంబరులో నివర్ తుపాను తర్వాత పత్రికలన్నీ రాశాయి. అక్కడ డిటెక్టర్లు లేవు. చేతులు, పుల్లలు, ఓపిక, అంతే. సముద్రం కోసుకుపోయిన ఊరు కాబట్టి ఇళ్లతోపాటు వస్తువులూ ఇసుకలో కలిశాయని అక్కడివాళ్ల లెక్క. అల ఇసుకని కోసినచోట బరువైనవి అడుగున మిగులుతాయన్న సూత్రం వాళ్లకి ఏ పుస్తకమూ చెప్పలేదు. మన సరదాకి కూడా మూలసూత్రం అదే.

ముందు నేల, తర్వాతే యంత్రం

కొనేముందు ఒక ఆదివారం ఖాళీ చేతులతో తిరగండి. మీరు నిజంగా ఎక్కడ వెతకబోతున్నారో తేల్చుకోవాలి. కోనసీమలో మూడు రకాల నేలలు తగుల్తాయి. కొబ్బరితోటలు, పెరళ్లు ఒకటి. కొత్తపేట వైపు లంకలు, రేవులు, ఏటిగట్ల లోపలి ఇసుక రెండోది. అంతర్వేది, ఓడలరేవు, ఎస్.యానాం లాంటి సముద్రతీరం మూడోది. పర్ర భూముల్ని కూడా మూడో దాని ఖాతాలోనే వేసుకోండి, ఉప్పు ఉంటుంది గనుక.

తోటకి యజమాని ఉంటాడు. నోటిమాటగా అడిగితే మనవాళ్లు కాదనరు. అయినా దొరికినదాన్ని ఏం చెయ్యాలో ముందే మాట్లాడుకుని, చిన్న కాగితం మీద రాసుకుంటే తర్వాత మొహాలు చూసుకోగలుగుతారు. గుడి ఆవరణలు, చెరువుగట్టున పాత దిబ్బలు, శ్మశానాలు జాబితాలోంచి తీసెయ్యండి. గుప్తనిధుల ముఠాల పుణ్యమా అని గుడి పక్కన డిటెక్టరుతో కనబడ్డ మనిషిని ఊళ్లో ఎవరూ సరదాగాడనుకోరు, ముందు పోలీసులకి ఫోను చేస్తారు. వాళ్ల తప్పూ లేదు.

మామిడికుదురు మండలంలో రెండు చోట్లు ప్రత్యేకంగా చెప్పాలి. ఒకటి వైనతేయ ఒడ్డున ఆదుర్రు. అక్కడి బౌద్ధస్తూపం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, దాని అవతల మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఆ దరిదాపుల్లో గునపం ఎత్తకూడదు. రెండోది నగరం. 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయిన ఊరు. కోనసీమ తోటల కింద గ్యాస్, చమురు లైన్లు చాలా ఉన్నాయి. లైను పొడుగునా గుర్తు స్తంభాలు, బోర్డులు పాతి ఉంటాయి. అవి కనబడ్డ వరుసలో వెతకొద్దు. డిటెక్టరు ఒక చోట మొదలై అడుగులు వేసినా ఆగకుండా పెద్దగా మోగుతూనే ఉంటే, అది ఏదో పైపో కేబులో. తవ్వకుండా పక్కకి నడవండి.

ఉప్పు చేసే గొడవ

కొత్తగా కొనేవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే, కాబట్టి కాస్త నిలబడి చూద్దాం.

మార్కెట్లో ఎక్కువగా దొరికేవి వీఎల్ఎఫ్ (వెరీ లో ఫ్రీక్వెన్సీ) రకం. ఒకే ఫ్రీక్వెన్సీలో పనిచేసేవి చవక, నేర్చుకోవడం తేలిక. కిలోహెర్ట్జ్‌లలో అంకె తక్కువైతే పెద్ద వెండి, రాగి వస్తువులకి అనుకూలం. ఎక్కువైతే ముక్కుపుడకలాంటి సన్నవాటికి అనుకూలం. 8 నుంచి 15 మధ్య ఉన్నది మధ్యేమార్గం. తోటలో, పెరట్లో, మంచినీటి లంకలో వీటితో ఏ ఇబ్బందీ లేదు.

అదే యంత్రాన్ని అంతర్వేదిలో తడి ఇసుక మీద ఆడించండి. ఏమీ లేకపోయినా కీచుమంటూనే ఉంటుంది. ఉప్పునీటిలో విద్యుత్తు పారుతుంది కనుక యంత్రానికి తీరం తీరమంతా ఒక పల్చటి లోహపు రేకులాగా కనబడుతుంది. అల వచ్చినప్పుడు ఒక మోత, వెనక్కి పోయినప్పుడు ఒక మోత. దీనికి తోడు మన తీరంలో నల్ల ఇసుక చారలు. ఆ నలుపులో మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం ఉంటుంది. గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని ఆ ఇసుకలో తిప్పి చూడండి, నల్లగా మీసాలు మొలుస్తాయి. ఉప్పు ఒక రకంగా, మాగ్నటైట్ ఇంకో రకంగా సంకేతాన్ని లాగుతాయి. ఒకే ఫ్రీక్వెన్సీ ఉన్న యంత్రంలో ఒకదాన్ని సర్దితే రెండోది లేస్తుంది.

ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీలు పంపే మల్టీ ఫ్రీక్వెన్సీ యంత్రాలు వచ్చింది ఇందుకే. ఉప్పు ఒక్కో ఫ్రీక్వెన్సీలో ఒక్కోలా స్పందిస్తుంది. ఆ తేడాల్ని లెక్కగట్టి యంత్రం ఉప్పుని తీసేస్తుంది. అయితే ఇక్కడో మెలిక ఉంది. ఉప్పునీటి సంకేతమూ, సన్నటి బంగారు గొలుసు సంకేతమూ ఇంచుమించు ఒకే చోట పడతాయి. ఉప్పుని పూర్తిగా నోరుమూయిస్తే సన్న బంగారం నోరూ మూతపడుతుంది. అందుకే తీరంలో ఉంగరాలు దొరికినంత సులువుగా గొలుసులు దొరకవు. గొలుసుని యంత్రం ఒకే వస్తువుగా చూడదు, విడివిడి లింకులుగా చూస్తుంది, ఇది ఇంకో అడ్డు.

పల్స్ ఇండక్షన్ అని మూడో జాతి ఉంది. ఉప్పుకీ, నల్ల ఇసుకకీ అంతగా చలించదు, లోతూ ఎక్కువే. కానీ ఇనుముకీ బంగారానికీ తేడా సరిగ్గా చెప్పలేదు. పడవలు లాగే తీరంలో దాన్ని పట్టుకుంటే సాయంత్రానికి సంచెడు తుప్పు మేకులతో ఇంటికొస్తారు. మొదటి యంత్రంగా నేను ఒప్పుకోను.

నా తీర్పు ఇది. తోటలూ లంకలే మీ లోకమైతే ఒకే ఫ్రీక్వెన్సీ యంత్రం చాలు. నోక్టా సింప్లెక్స్ అల్ట్రా, మైన్‌ల్యాబ్ ఎక్స్-టెర్రా ప్రో ఆ తరహావి. రెండూ నీళ్లలో మునిగినా తట్టుకుంటాయి. రెండోదానిలో 5, 8, 10, 15 కిలోహెర్ట్జ్‌లలో ఒకటి ఎంచుకోవచ్చు, కానీ ఒకసారికి ఒకటే. సముద్రం ఖాయమనుకుంటే మల్టీ ఫ్రీక్వెన్సీకే డబ్బు పెట్టండి. మైన్‌ల్యాబ్ వాంక్విష్ చవకైనవాటిలో ఒకటి. దాని పాత మోడళ్లలో కాయిల్ తడవొచ్చు గానీ పైన ఉన్న పెట్టె తడవకూడదు. మోకాలి లోతు నీళ్లలో అల తగిలి తూలితే యంత్రం పోయినట్టే. నోక్టా లెజెండ్, మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ పూర్తిగా మునగ్గలవు, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. వీడియోల్లో చెప్పే డాలరు ధరని రూపాయల్లోకి మార్చేసి మురిసిపోకండి, దిగుమతి సుంకం, జీఎస్టీ దాని మీద పడతాయి.

నంబర్లు మనవి కావు

స్క్రీను మీద టార్గెట్ ఐడీ అని ఒక నంబరు కనబడుతుంది. కింది నంబర్లు ఇనుము, మధ్యవి అల్యూమినియం రేకు, సన్న బంగారం, పైవి రాగి, వెండి. అమెరికా, ఇంగ్లండు వీడియోల్లో అందరూ చెప్పే మొదటి సలహా: డిస్క్రిమినేషన్ పెట్టి ఇనుము నంబర్ల మోత ఆపెయ్యండి. మన దగ్గర ఈ సలహా కళ్లుమూసుకుని పాటిస్తే చిల్లరలో సగం నేలలోనే ఉండిపోతుంది. 1992 నుంచి వచ్చిన రూపాయి బిళ్లలు, 2005 నుంచి వచ్చిన రెండు రూపాయల బిళ్లలు ఫెర్రిటిక్ స్టెయిన్‌లెస్ స్టీలు. వాటికి అయస్కాంతం అంటుకుంటుంది. గోదావరి రేవుల్లో తాడుకి అయస్కాంతం కట్టి జనం వేసిన నాణేలు ఏరుకునేవాళ్ల బతుకుతెరువు దాని మీదే. డిటెక్టరుకి అవి ఇనుములా వినబడొచ్చు, లేకపోతే సోడా మూతలాగా పైకీ కిందికీ గెంతొచ్చు. 2009 తర్వాతి ఐదు రూపాయల బిళ్ల నికెల్ బ్రాస్, నిలకడైన నంబరు ఇస్తుంది. పాత అల్యూమినియం పైసలు రేకు ముక్కలతో కలిసిపోతాయి.

పాత నాణేల్లో 1862 నుంచి 1939 దాకా వచ్చిన వెండి రూపాయి 11.66 గ్రాములు, అందులో దాదాపు 92 శాతం వెండి. దాని మోత విన్నాక మర్చిపోరు. 1940 నుంచి వెండి సగానికి దిగింది. 1943, 1947 మధ్య వచ్చిన చిల్లు కానీ కంచుది, మధ్యలో బొక్క ఉన్నా మంచి నంబరే ఇస్తుంది. బంగారానికి వస్తే విదేశీ పట్టికలు ఎక్కువగా 10, 14 క్యారెట్ల ఉంగరాల మీద తయారయ్యాయి. మనవి 22 క్యారెట్లు. రాగి, వెండి తక్కువ కలిసిన బంగారం విద్యుత్తుని మెరుగ్గా పారనిస్తుంది కనుక అంతే సైజు ఉంగరం మన దగ్గర కాస్త పై నంబరులో పలుకుతుంది. కాబట్టి పట్టిక ఎవరిదో అరువు తెచ్చుకోకుండా మీరే రాసుకోవాలి. ఎలాగో ముందుకెళ్లాక చెబుతాను.

కొనేటప్పుడు మిగిలిన పరీక్షలు త్వరగా అయిపోతాయి. చేత్తో పట్టుకుని పది నిమిషాలు ఊపి చూడండి. కిలోన్నర బరువు మొదట్లో తెలియదు, మోచెయ్యి సాయంత్రం చెబుతుంది. కాయిల్ డీడీ (డబుల్ డీ) రకమైతే ఖనిజాలున్న నేలలో నిలకడగా ఉంటుంది. 11 అంగుళాలది సాధారణం. చెత్త ఎక్కువున్న పెరళ్లకి చిన్న కాయిల్ మేలు. నేలలోని ఖనిజాల మోతని సర్దే గ్రౌండ్ బ్యాలెన్స్ సదుపాయం ఉండాలి, చేత్తో సర్దేదైనా సరే, యంత్రమే సర్దుకునేదైనా సరే. వారంటీ కార్డు మన దేశంలో ఎవరు చూస్తారో బిల్లు మీదే రాయించుకోండి. ఆన్‌లైన్లో నాలుగైదు వేలకి వచ్చే ఎండీ 4030 తరహా యంత్రాలు పిల్లలకి ఇసుకలో ఆట నేర్పడానికి పనికొస్తాయి. అదే డబ్బు దాచిపెట్టి మరో ఏడాది ఆగడం నయం.

యంత్రంతోపాటు తప్పకుండా కొనాల్సింది పిన్‌పాయింటర్. టార్చిలైటంత ఉంటుంది. గుంటలో పెడితే వస్తువు ఏ వైపుందో చెబుతుంది. ఇది లేకపోతే దుద్దు కోసం బావి తవ్వుతారు. హెడ్‌ఫోన్లు కావాలి, అలల హోరులో సన్న మోత వినబడదు మరి. తీరానికి చిల్లులున్న స్టీలు స్కూపు, తోటకి చిన్న పార, పక్కన మట్టి పోసుకోవడానికి గోనెసంచి. మిగతా సామగ్రి అమ్మేవాడి సరదా.

ఇంటి దగ్గర, ఆ తర్వాత బయట

యంత్రం వచ్చిన రోజునే తీరానికి పరిగెత్తొద్దు. పెరట్లో గోడకి, మంచానికి, నీళ్ల మోటారుకి దూరంగా ఒక మూల చూసుకోండి. గోడల్లో ఇనుప ఊచలుంటాయి. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో తూటా వెతకడానికి గ్రాహం బెల్ ఇలాంటి పరికరాన్నే తీసుకెళ్లి విఫలమయ్యాడు. పరుపులోని స్టీలు స్ప్రింగులు కూడా అందుకు కారణమని అంటారు.

ముందుగా ఆ మూలని ఖాళీగా ఊపి అక్కడ ఏమీ లేదని తేల్చుకోండి. తర్వాత రూపాయి బిళ్ల, ఐదు రూపాయల బిళ్ల, వెండి మట్టె, పూజలో ఇత్తడి ఉద్ధరిణి, సోడా మూత, గుట్కా పొట్లం రేకు, మేకు, వల అంచుకుండే సీసపు గుండు తీసుకుని ఒక్కొక్కదాన్ని గజం దూరంలో, 5, 10, 15 సెంటీమీటర్ల లోతుల్లో పాతండి. ఒక్కోదానికి పుల్ల గుర్తు. ఉంగరాన్ని మాత్రం దారం కట్టి పాతండి, ఇంట్లోవాళ్ల మొహం చూడగలగాలి కదా. డిస్క్రిమినేషన్ పూర్తిగా తీసేసి, కాయిల్‌ని నేలకి అంగుళం ఎత్తున, సమాంతరంగా, తొందరపడకుండా ఇటూ అటూ ఊపండి. ఊపు చివర కాయిల్ గాల్లోకి లేవకూడదు. ఏ వస్తువు ఏ నంబరు, ఏ మోత అన్నది పుస్తకంలో రాసుకోండి. పక్కకి తిరిగి అడ్డంగా ఊపినప్పుడు నంబరు మారితే అదీ రాయండి. రెండు వైపుల నుంచీ ఒకే నంబరు వచ్చేది తవ్వదగినది. మీ పట్టిక ఇదే.

మొదటి బయట పని తోటలో పెట్టుకోండి. వాన పడి తేమ ఆరని రోజు మంచిది. ఆక్వా చెరువుల పక్కన ఏరేటర్లు తిరుగుతుంటే, నెత్తిన కరెంటు లైను పోతుంటే యంత్రం కారణం లేకుండా గొణుగుతుంది. సెన్సిటివిటీ రెండు మెట్లు దించండి, నాయిస్ క్యాన్సిల్ నొక్కండి, సెల్‌ఫోను జేబులోంచి తీసి దూరంగా పెట్టండి. అప్పటికీ ఆగకపోతే స్థలం మార్చండి. గ్రౌండ్ బ్యాలెన్స్‌కి, లోహం లేని చోట కాయిల్‌ని అడుగు ఎత్తు నుంచి నేల దాకా నెమ్మదిగా పైకీ కిందికీ ఆడిస్తే మోత సద్దుమణుగుతుంది. తీరంలో ఈ పని తడి ఇసుక మీదే మళ్లీ చెయ్యాలి. పొడి ఇసుక మీద సర్దినది నాలుగడుగులు దిగగానే చెడిపోతుంది.

మోత వచ్చిన చోట గడ్డిని మూడు వైపులా కోసి మూతలాగా తిప్పండి. మట్టిని గోనెసంచి మీద పొయ్యండి. గుంటలో పిన్‌పాయింటర్, ఆ తర్వాత మట్టిలో పిన్‌పాయింటర్. కొబ్బరిచెట్టు మొదలుకి రెండు మీటర్ల లోపు గునపం దించొద్దు, చెట్టుకి తిండి పెట్టే వేళ్లు అక్కడే ఉంటాయి. కొబ్బరి డొక్కల గుట్టల్లో చెయ్యి పెట్టొద్దు, తాచులకి అవి ఇళ్లు. చెత్త దొరికితే అక్కడే పారెయ్యకుండా సంచిలో వేసుకోండి, లేకపోతే వచ్చేవారం అదే మూతని మళ్లీ తవ్వుతారు. గుంట పూడ్చి కాలితో తొక్కాలి. ఇది చెయ్యనివాణ్ణి ఏ రైతూ రెండోసారి తోటలోకి రానివ్వడు.

తీరానికి వెళ్లేవాళ్లకి మంచి అదను అక్టోబరు, డిసెంబరు మధ్య. తుపాను అలలు ఇసుకని కోసి మెట్టులా చేసినచోట ఆ మెట్టు అడుగున నడవండి. అంతర్వేదిలో భీష్మ ఏకాదశి ఉత్సవాలకి వచ్చిన జనం సముద్ర స్నానాలు చేసి వెళ్లాక వారం రోజులు కూడా మంచి రోజులే. అయితే భీష్మ ఏకాదశి వచ్చే ఆ రోజుల్లోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. పైన పొడి ఇసుకలో తాబేలు పాకిన చార కనబడితే ఆ చుట్టుపక్కల స్కూపు పెట్టకండి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. రేవుల్లో డిటెక్టరు తిప్పాలని ఇప్పటికే ఊహించుకుంటున్నవాళ్లకి ఒక మాట: అక్కడి చిల్లర అయస్కాంతం వేసుకునేవాళ్లకి వదిలెయ్యండి.

ఇక దొరికాక. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా అమల్లో ఉంది. నేలలో దాగి ఉన్న విలువైనది ఏదైనా, పది రూపాయల విలువ దాటితే, కలెక్టరుకి రాతపూర్వకంగా తెలపాలి. ఏం దొరికింది, ఎక్కడ, ఏ రోజు అన్నవి అందులో ఉండాలి. చెప్పకుండా దాచుకుంటే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పద్ధతిగా చెప్పి, అది నూరేళ్ల కిందట దాచినదని, హక్కుదారు ఎవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాడికి నాలుగింట మూడు వంతులు, స్థల యజమానికి ఒక వంతు అని చట్టమే చెబుతోంది. అలా కాకుండా ప్రభుత్వమే తీసుకోదలిస్తే లోహం విలువకి ఐదో వంతు కలిపి ఇస్తుంది. కుండలో నాణేలు, విగ్రహం, రాగిరేకు లాంటిది కనబడితే కడగొద్దు, తియ్యొద్దు. ఫోటో తీసి, ఎలా ఉన్నది అలాగే వదిలి తహశీల్దారుకి చెప్పండి.

నిన్నమొన్న ఎవరో పోగొట్టుకున్న ఉంగరం వేరు. దానికి మనిషి ఉన్నాడు. ఎవరిదో తెలిసీ, తెలుసుకునే వీలుండీ జేబులో వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షను కింద నేరం. మీ దగ్గర డిటెక్టరు ఉందని తీరంలోని మత్స్యకారుల పేటల్లో, రేవు దగ్గర టీకొట్లో, పోలీసు స్టేషన్‌లో ముందే చెప్పి ఫోను నంబరు ఇచ్చి ఉంచండి. పెళ్లి ఉంగరం పోయిందని ఎవరైనా పిలిస్తే, ఎక్కడ నిలబడ్డారో, అప్పుడు నీళ్లు ఎంత లోతున ఉన్నాయో అడిగి, అల మళ్లీ ఇసుక కప్పేలోపు వెళ్లండి.